కన్నం పూడ్చే ముందు గబ్బిలాన్ని బయటికి పోనివ్వండి

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, ఎన్టీఆర్ జిల్లా అటవీ అధికారి గారికి, నగరంలోని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల పెద్దలకు,

నమస్కారం.

గాయపడిన చిన్న గబ్బిలాలను చేరదీసి, కోలుకున్నాక తిరిగి వదిలే పని చేస్తున్న వాలంటీర్లం ఈ లేఖ రాస్తున్నాం. అడిగేవి నాలుగైదు ఉన్నా అన్నిటికీ మూలం ఒకటే. గోడలో సందు కనిపించగానే పూడ్చేయకండి. లోపలున్నది బయటికి వెళ్లిపోయాక పూడ్చండి.

ముందుగా ఏ గబ్బిలాల గురించి చెబుతున్నామో స్పష్టం చేయాలి. చింతచెట్లకూ రావిచెట్లకూ గుంపులుగా వేలాడుతూ సాయంత్రం బారులు తీరి పోయే పెద్ద గబ్బిలాల సంగతి కాదు. అవి పళ్లు తింటాయి. మా లేఖ పురుగులు తినే చిన్నవాటి గురించి. వీధి దీపం చుట్టూ గిరికీలు కొట్టే పిపిస్ట్రెల్ గబ్బిలం మూడు నుంచి ఆరు గ్రాములు ఉంటుంది, అంటే ఇంచుమించు ఒక రూపాయి బిళ్ల బరువు. పసుపు పొట్ట గబ్బిలాలు ఇంకాస్త పెద్దవి, జాతిని బట్టి ఇరవై గ్రాముల నుంచి నలభై పైచిలుకు దాకా తూగుతాయి. నిపా పేరు వినగానే అన్ని గబ్బిలాలనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. నిపా వైరస్‌కు ఆశ్రయమిచ్చేవి పెద్ద పండు గబ్బిలాలు, మీ వెంటిలేటర్‌లో ఉండే పురుగుల గబ్బిలం కాదు. అలాగని దీన్ని ఒట్టి చేత్తో పట్టుకోవచ్చని కాదు. ఆ విషయం కిందికి వస్తుంది.

ఇంకో మాట. చిన్న గబ్బిలం గంటకు వెయ్యి దోమలు తింటుందని పోస్టర్ల మీద వేస్తుంటారు. మేం ఆ అంకె వాడం. అది గదిలో వదిలిన పురుగులను కాసేపట్లో ఎన్ని పట్టిందో చూసి, దాన్ని గంటకు లెక్కగట్టగా వచ్చింది. బయట ఇవి ఏది దొరికితే అది తింటాయి: రెక్కల పురుగులు, చిన్న పేడపురుగులు, ఈగలు, ఉసిళ్లు, దోమలు కూడా. డెంగీ దోమల నివారణ పనికి ఇవి ప్రత్యామ్నాయం అని మేం చెప్పడం లేదు.

ఇక కన్నాల సంగతి. ఎండాకాలం వచ్చిందంటే ఏసీ మెకానిక్కులకు ఊపిరాడదు. గోడకు రెండున్నర అంగుళాల కన్నం కొట్టి, రాగి గొట్టం, డ్రైన్ పైపు, వైరు అందులోంచి లాగి, మిగిలిన సందును అలాగే వదిలేసి ఇంకో ఇంటికి పోతారు. పిపిస్ట్రెల్ దూరడానికి ఎత్తులో ఆరేడు మిల్లీమీటర్ల సందు చాలు. షాపుల రోలింగ్ షట్టర్ పెట్టెలు, గోడకూ ఫ్లెక్సీ బోర్డుకూ మధ్య ఖాళీ, పాత ఇళ్ల మిద్దె దూలాల సందులు, ఫ్లైఓవర్ల ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, తాటిచెట్టుకు వేలాడే ఎండు మట్టలు కూడా వాటికి ఇళ్లే. కొన్నాళ్లకు సన్‌షేడ్ మీద నల్లటి రెట్టలు కనిపిస్తాయి. అసోసియేషన్ వాళ్లు ఎవరినో పిలుస్తారు. అతను పొద్దున పదకొండింటికి ఫోమ్ డబ్బా పట్టుకుని వచ్చి కన్నం నింపేసి పోతాడు. గబ్బిలాలన్నీ లోపల ఉండే వేళ అదే. ఫోమ్ ఉబ్బి గట్టిపడేలోగా కొన్నిటి రెక్కలు అందులో చిక్కుకుంటాయి. మిగిలినవి దారి వెతుక్కుంటూ గది వైపు వస్తాయి, ఫ్యాను కింద పడతాయి. చచ్చినవి లోపలే కుళ్లి, వారానికి గోడ కంపు కొడుతుంది. అప్పుడు మళ్లీ గోడ పగలగొట్టాలి. గబ్బిలాల మీద జాలి లేకపోయినా, డబ్బు లెక్కన చూసినా ఇది దండగ పని.

నాఫ్తలీన్ ఉండలు, గంధకం పొగ, కిరోసిన్, పురుగుమందు కూడా అంతే. పట్టపగలు అవి మత్తుగా కిందపడితే పిల్లలు పట్టుకుంటారు, పిల్లులు పట్టుకుంటాయి, కాకులు పొడుస్తాయి. జనానికి గబ్బిలాలు తగలకూడదని మొదలుపెట్టిన పని, తగిలే అవకాశాన్నే పెంచుతుంది.

సరైన పద్ధతికి పెద్ద ఖర్చేమీ లేదు. ముందు అవి గబ్బిలాలేనా అని తేల్చుకోవాలి. గ్లౌజు వేసుకుని రెట్టను వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలి, పురుగుల రెక్కల తునకలు మెరుస్తాయి. ఎలుక పెంట అలా రాలదు, గట్టిగా ఉంటుంది. బల్లి రెట్టకు ఒక చివర తెల్లగా ఉంటుంది. తర్వాత ఒక సాయంత్రం సూర్యాస్తమయం నుంచి ముప్పావుగంట కింద నిలబడి ఏ కన్నంలోంచి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టాలి. గబ్బిలాల వెనకాల పడమటి ఆకాశం ఉండేలా చూసుకుని నిలబడితే బాగా కనిపిస్తాయి. అన్నీ వెళ్లాక మొబైల్‌కు తగిలించే చిన్న ఎండోస్కోప్ కెమెరాను లోపలికి పంపి, పిల్లలున్నాయేమో చూడాలి. వెంట్రుకలు లేకుండా గులాబీ రంగులోనో బూడిద రంగులోనో ముద్దగా అతుక్కుని ఉంటే అవి ఎగరలేని పిల్లలు. అప్పుడు పని ఆపేయాలి, ఐదారు వారాల తర్వాత మళ్లీ చూడాలి. ఏ నెలలో పూడ్చవచ్చో చెప్పమని అడుగుతుంటారు. చాలా జాతులు ఎండాకాలం నుంచి వానల్లోపు ఈనుతాయి కానీ, అన్నిటికన్నా చిన్న పిపిస్ట్రెల్ ఏడాదిలో ఒకటికి మించి ఈతలు పెడుతుంది. అందుకని నెల చూసి కాదు, కన్నంలోకి చూసి చెప్పాలి.

పిల్లలు లేవని తేలితే, వాడుకలో లేని పక్క సందులన్నీ ముందు మూసి, ప్రధాన ద్వారం ఒక్కటే వదలాలి. దానిమీద నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలున్న మెత్తటి ప్లాస్టిక్ వలను తెరలా కట్టాలి. పైనా రెండు పక్కలా గోడకు బిగించి, కింది అంచు మాత్రం వదిలేయాలి. వల కన్నం కిందికి రెండడుగుల దాకా వేలాడాలి, గోడకు అతుక్కోకుండా రెండు మూడు అంగుళాలు ఎడంగా ఉండాలి. గబ్బిలం బయటికి వచ్చి, వల వెనకాల పాకుతూ కిందికి జారి ఎగిరిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు కన్నం వాసన ఉన్నచోటే వాలుతుంది కానీ కిందినుంచి దూరాలని దానికి తట్టదు. ఏడు రాత్రులు ఉంచాలి. వాన పడ్డ రాత్రి కొన్ని బయటికి రావు కాబట్టి ఆ రాత్రిని లెక్కలోంచి తీసేయాలి. చివరి సాయంత్రం మళ్లీ నిలబడి చూసి, ఒక్కటీ రాకపోతే, మర్నాడు సిమెంటుతోనో ఎం-సీల్‌తోనో మూయాలి. దళసరి దోమల వల వాడకూడదు, గోళ్లు పట్టుకుని రెక్క మెలిపడుతుంది. వల కింది అంచు బిగుతుగా కట్టేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. అలా కడితే అది తలుపు కాదు, ఉచ్చు.

రెట్టలు ఊడ్చేటప్పుడు పొడి చీపురు వాడకండి. నీళ్లు చల్లి తడిపి, ఎన్-95 మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో ఎత్తండి. పాత రెట్టల దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే బూజు తెగులు ఉండే వీలుంది.

ఇక ఇంట్లోకి వచ్చిన గబ్బిలం. అరిష్టం అంటూ చీపురు అందుకునేవాళ్లు కొందరు, దోమల బ్యాటు అందుకునేవాళ్లు ఇంకొందరు. రెండూ వద్దు. అన్నిటికన్నా ముందు ఫ్యాను ఆపండి. గది లోపలి తలుపు మూసి, కిటికీ బార్లా తెరిచి, లైటు ఆర్పి, మీరు పక్కకు తప్పుకోండి. ఎక్కువ సార్లు పావుగంటలో అదే వెళ్లిపోతుంది. గది చుట్టూ తిరుగుతున్నది మీ మీదికి రావడానికి కాదు, దారి కోసం.

పొద్దున నేలమీద కనిపించిందంటే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే. చల్లగా, కదలకుండా ఉంటే చచ్చిందని చెత్తబుట్టలో వేయకండి. ఇవి విశ్రాంతిలో ఒంటి వేడి తగ్గించుకుంటాయి, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మరీను. కాసేపట్లో వణకడం మొదలుపెడితే భయపడి కాదు, ఒళ్లు వేడి చేసుకుంటోంది. గాల్లోకి విసరకూడదు. చెట్టుకు తగిలించకూడదు, పగలైతే కాకులు వదలవు.

ఒట్టి చేత్తో ముట్టుకోకుండా, దాని మీద గిన్నె బోర్లించి, కింద అట్టముక్క జరిపి ఎత్తితే సరిపోతుంది. చెప్పుల డబ్బా లాంటి అట్టపెట్టె తీసుకుని బాల్‌పెన్ మొనతో గాలి కన్నాలు పెట్టండి, అంతకన్నా పెద్దవి వద్దు. లోపల పాత నూలు చీర ముక్కో లుంగీ ముక్కో మడతలుగా వేయండి. టర్కీ టవలు వేస్తే దాని ఉచ్చుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. సీసా మూతలో అర సెంటీమీటరు నీళ్లు చాలు, లోతుంటే మునిగిపోతుంది. పెట్టె మూతకు టేపు వేయండి, సెంటీమీటరు సందులోంచి అది జారుకోగలదు. ఆవుపాలు, అరటిపండు, అన్నం ఏమీ పెట్టకండి.

ఆ తర్వాతి పని తెలిసినవాళ్లది. వరస ఎప్పుడూ ఒకటే: వేడి, నీరు, తిండి. చల్లబడ్డ గబ్బిలానికి తిండి పెడితే అది అరగదు, పొట్టలో పులుస్తుంది. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టె సగం కిందే పెట్టాలి, వేడెక్కితే రెండో సగానికి జరగడానికి దానికి చోటుండాలి. ఈ సలహాలు చల్లటి దేశాల పుస్తకాల్లోంచి వచ్చినవి, మన మే నెలకు తిరగబడతాయి. వడదెబ్బ తగిలిన గబ్బిలం నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలు పరిచి, ఒళ్లు నాకుకుంటుంది. దానికి వేడి పెడితే చచ్చిపోతుంది. నీడగది, పెట్టె మూతమీద సగం మేర తడిగుడ్డ, పెయింట్ బ్రష్ కొసనుంచి ఓఆర్ఎస్ చుక్కలు. ఐసు వద్దు, ఏసీ గాలి నేరుగా తగలనివ్వద్దు. చర్మం కింద ఎక్కించే సెలైను పశువైద్యుడే ఇవ్వాలి, ఇంట్లో ప్రయోగాలు పనికిరావు.

ఎలుకల జిగురు అట్టకు అంటుకున్నదాన్ని లాగేయడం చూస్తుంటాం. రెక్క పొర వేలి ఎముక వెంబడి చీరుకుపోతుంది, అట్ట వదులుతుంది కానీ రెక్క మిగలదు. చేయాల్సింది ఇది. ముందు అట్టమీద ఖాళీగా ఉన్న జిగురంతా గోధుమపిండి చల్లి కప్పేయాలి, రెండో రెక్క అంటకుండా. అవసరమైతే దాని చుట్టూ అట్టను కత్తిరించి, అట్టతోసహా తేవాలి. ఇయర్‌బడ్‌ను వంటనూనెలో ముంచి అంచునుంచి లోపలికి కొద్దికొద్దిగా పూసి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. బడ్‌ను దొర్లిస్తే జిగురు దారంలా లేస్తుంది. ముక్కు దగ్గర నూనె చాలా తక్కువ. ఊడాక టిష్యూతో నూనె పీల్చి, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి నూనె అంటిన చోటు మాత్రమే తుడిచి, వెంటనే ఆరబెట్టి వెచ్చగా ఉంచాలి. నాలుగు గ్రాముల ప్రాణి తడిస్తే నిమిషాల్లో చల్లబడుతుంది. అందుకే ఒక్క విడతలో అంతా వదిలించాలని చూడం. కిరోసిన్, టర్పెంటైన్, పెట్రోలు అసలే వద్దు. చర్మం కాలుతుంది, మిగిలింది నాకి చస్తుంది.

పిల్లి నోటపడ్డదైతే పైకి గాయం కనిపించకపోయినా పిల్లి ఎంగిలిలోని బాక్టీరియా వల్ల రెండు రోజుల్లో పోతుంది. ఆ రోజే పశువైద్యుడి చేత యాంటీబయాటిక్ పడాలి. రెక్క పొరలో కన్నాలు వాటంతటవే పూడతాయి. అంచుదాకా చీరితే వారాలు పడుతుంది. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే, భుజం కీలు పోతే, ఎగరదు. అలాంటిదాన్ని పంజరంలో ఏళ్ల తరబడి ఉంచడం దయ కాదు, డాక్టరు చేత నొప్పి లేకుండా ముగించడమే సరి.

తిండికి మీల్‌వార్మ్‌లు, అంటే పిండిలో, తవుడులో పెరిగే ఒక పెంకుపురుగు లార్వాలు, కావాలి. అక్వేరియం షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో ఒక్కసారి కొని, గోధుమ తవుడు పోసిన ట్రేలో పెంచుకోవచ్చు. తేమకు క్యారెట్ ముక్క వేసి రోజూ మార్చాలి. కోస్తా ఉక్కకు తవుడు బూజు పడితే మొత్తం పోతుంది, చీమలు పడితే ఒక్క రాత్రిలో పోతుంది. ట్రే కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టడం తప్పదు. మొదట్లో అది తనంతట తినదు, పురుగు తల తుంచి లోపలి గుజ్జు పెదవికి తాకించాలి. మీల్‌వార్మ్‌లలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. కాబట్టి కాల్షియం కార్బొనేట్ పొడి అద్దకుండా వారాల తరబడి పెడితే ఎముకలు మెత్తబడతాయి. రోజూ అదే వేళకు, బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసుమీద పదో వంతు గ్రాము దాకా తూచి రాయాలి. ఐదు గ్రాముల గబ్బిలం అర గ్రాము తగ్గిందంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు.

పిల్ల దొరికితే మొదటి పని పాలు పట్టడం కాదు, తల్లికి చేర్చడం. వెచ్చబరిచి, చీకటి పడే వేళకు దొరికిన చోటికే తీసుకెళ్లి, కన్నానికి దగ్గరగా ఎత్తున ఒక గరుకు గుడ్డకు తగిలించాలి. పిల్ల పిలుస్తుంది, మన చెవికి వినపడకపోయినా తల్లికి వినపడుతుంది. చీమలూ పిల్లులూ రాకుండా ఒకరు దూరంగా కూర్చోవాలి. అర్ధరాత్రి దాకా రాకపోతే లోపలికి తెచ్చి, మర్నాడు మళ్లీ ప్రయత్నించాలి. తల్లి లేదని ఖాయమయ్యాకే కుక్కపిల్లల పాలపొడో మేకపాలో పట్టాలి. బోర్లా ఉంచి, స్పాంజి ముక్క కొసనుంచి, రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టాక గోరువెచ్చని తడి దూదితో కింద తుడిస్తేనే మూత్రం పోస్తుంది. పెట్టె ముప్పై నుంచి ముప్పైమూడు డిగ్రీల మధ్య ఉండాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఒక్కరే మోయగల పని కాదిది.

వదిలే ముందు పరీక్ష కూడా ఉంది. ఫ్యాను లేని పెద్ద గదిలో పది నిమిషాలకు పైగా, మలుపులు తిరుగుతూ, కిందికి జారకుండా ఎగరాలి. రెండు రౌండ్లు కొట్టి గోడకు వాలిపోయినదాన్ని వదిలితే మర్నాడు రోడ్డుమీద దొరుకుతుంది. దొరికిన చోటే, వానా ఈదురుగాలీ లేని రోజు, చీకటి పడ్డాక అరగంటకు వదలాలి. పెట్టెను తల ఎత్తున పట్టుకుని మూత తీస్తే చాలు. అది ఒళ్లు వేడి చేసుకునే దాకా ఐదు పది నిమిషాలు ఓపిక పట్టాలి, ఫోను ఫ్లాష్ లేకుండా.

ఇప్పుడు మీకు మా విన్నపాలు.

కమిషనర్ గారూ, పాత భవనాలు కూల్చే అనుమతిలోనూ, మీ సొంత భవనాల మరమ్మతు టెండర్లలోనూ ఒక్క షరతు చేర్చండి: పని మొదలయ్యే ముందు ఒక సాయంత్రం పరిశీలన, గబ్బిలాలుంటే వల తెర, ఆ తర్వాతే పూడ్చడం. తాటిచెట్ల ఎండు మట్టలు కొట్టే సిబ్బంది ముందుగా కర్రతో మట్టను తట్టి, కాసేపు ఆగి కొట్టాలి. ఫాగింగ్ వాళ్లు పొగ గొట్టాన్ని షట్టర్ పెట్టెల్లోకీ వెంటిలేటర్ల సందుల్లోకీ తిప్పకూడదు. దోమల కోసం కొట్టే పొగకు అక్కడ పనేమీ లేదు. షాపులవాళ్లకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, పొద్దున షట్టరు ఎత్తే ముందు చేత్తో రెండు దెబ్బలు కొట్టి, నిదానంగా ఎత్తమని చెబితే ఎన్నో నలిగిపోకుండా ఉంటాయి. పైసా ఖర్చు లేదు.

అటవీ అధికారి గారూ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండు గబ్బిలాలు ఎలుకలతోపాటు హానికర జీవుల షెడ్యూలులో ఉండేవి. 2022 సవరణతో, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ షెడ్యూలే పోయింది. అయినా కింది సిబ్బందిలో ‘గబ్బిలానికి కేసేంటి’ అన్న మాట ఇంకా వినిపిస్తోంది. మాకు కావలసింది సన్మానపత్రం కాదు, రాతపూర్వక అనుమతి. ఎవరు ఉంచుకోవచ్చు, ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు, ఏ పశువైద్యుడి పర్యవేక్షణలో, ఎగరలేనిదాన్ని ఏం చేయాలి: ఈ నాలుగూ అందులో ఉండాలి. దొరికిన చోటు, తేదీ, ముంజేయి పొడవు, బరువు, గాయానికి కారణం, చివరికి ఏమైంది అనే రిజిస్టరు మేం నెలనెలా మీకిస్తాం. ముంజేయి కొలత ముఖ్యం. పిపిస్ట్రెల్‌కు ముప్పై మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది, పెద్ద పసుపు పొట్ట గబ్బిలానికి దాదాపు దానికి రెట్టింపు. ఒక్క స్కేలుతో సగం గుర్తింపు అయిపోతుంది.

అనుమతికి ఒక షరతు మేమే అడుగుతున్నాం. రేబిస్ టీకా ముందస్తుగా వేయించుకోనివాళ్లకు ఇవ్వకండి. సున్నా, ఏడు, ఇరవైఒకటి లేదా ఇరవైఎనిమిదో రోజున మూడు డోసులు. టీకా ఉన్నా గ్లౌజు తప్పదు. వెల్డింగ్ గ్లౌజు లాంటి మందపాటివి వేసుకుంటే పట్టు తెలియక ఎముక విరుగుతుంది, పలుచటి తోలువి మేలు. కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారకింద కడిగి ఆసుపత్రికి పోవాలి. గబ్బిలం తాకిడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడో కేటగిరీలో, అంటే అన్నిటికన్నా తీవ్రమైనదానిలో ఉంచింది. ‘ఇంత చిన్నది కరిస్తే ఏమవుతుంది’ అని ఓపీలో వెనక్కి పంపకుండా ఆరోగ్య శాఖకు మీరొక ఉత్తరం రాయాలి. ముందస్తు టీకా ఉన్నవాళ్లకు ఆ తర్వాత రెండు డోసులతో సరిపోతుంది.

అసోసియేషన్ల పెద్దలకు: మీ వాచ్‌మన్ గదిలో ఒక అట్టపెట్టె, ఒక నూలు గుడ్డ, ఒక జత గ్లౌజులు, ఒక సీసా మూత ఉంచండి. ఫోమ్ డబ్బా పక్కన పెట్టండి.

వేసవిలో ఏసీల పని మొదలుకాకముందే, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గంటన్నరపాటు వల తెర ఎలా కట్టాలో కట్టి చూపిస్తాం. వల, మేకులు, నిచ్చెన మేమే తెస్తాం. నగరపాలక సంస్థ భవనాల్లో గబ్బిలాలున్న ఒక గోడ చూపిస్తే చాలు. అయితే శానిటరీ ఇన్‌స్పెక్టర్లతోపాటు మేస్త్రీలు, ఏసీ మెకానిక్కులు, ఫోమ్ కొట్టే కుర్రాళ్లు కూడా రావాలి. కన్నం మూసేది వాళ్లే కాబట్టి, వాళ్లు రాకుండా అధికారులే వస్తే ఆ సాయంత్రం వృథా.

ఇట్లు,
చిన్న గబ్బిలాల వాలంటీర్లు, విజయవాడ